బస్సు ఆగిన వేసవి

1942 జూన్ రెండో వారంలో నా మొగుడి బ్యాండు బస్సు వచ్చి మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఆగింది. టైర్ల రబ్బరూ పెట్రోలూ యుద్ధానికే చాలడం లేదు, డాన్సు బ్యాండులవాళ్ళు ఇక బస్సులేసుకుని తిరగడానికి వీల్లేదని వాషింగ్టన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. పదిహేనేళ్ళుగా నెబ్రాస్కా, అయోవా, కాన్సాస్, రెండు డకోటాలూ తిరిగి తిరిగి అరిగిపోయిన బస్సది. పక్కన పసుపు అక్షరాలతో ‘ఎల్బర్ట్ స్టోవల్, అతని పన్నెండుగురు దొరలు’ అని రాసి ఉండేది. మేం నల్లవాళ్ళం, ఆ దొరల్లో ఒక్కడికీ దారిలో ఏ హోటలువాడూ మంచం ఇచ్చేవాడు కాదు. తెల్లవాళ్ళు తెల్లవార్లూ వీళ్ళ పాటకి ఆడి, చప్పట్లు కొట్టి, ఇళ్ళకి పోయి తలుపులేసుకునేవాళ్ళు. వీళ్ళు బస్సులోనే కునుకు తీసి మర్నాటి ఊరికి బయల్దేరేవాళ్ళు.

నేను వరండా మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. పన్నెండుమందీ ఒకరి వెనక ఒకరు దిగి, ఒళ్ళు విరుచుకుని, వాయిద్యాల పెట్టెలు దించుకుని, “మిస్ ఐడెల్లా, కాఫీ ఉందా?” అని నన్నడుగుతూ వంటింట్లోకి వెళ్ళారు. ఎల్బర్ట్ మాత్రం దిగలేదు. ఇంజను ఆపాక కూడా స్టీరింగ్ మీద చేతులుంచి ఎదురుగా ఉన్న కంచె వంక చూస్తూ కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే నేను సంతోషించాను. అతనితో నా కాపురానికీ పదిహేనేళ్ళే. అన్నేళ్ళలో నా మొగుడు వరసగా పది రోజులు ఒమహాలో ఉన్నది ఒక్కసారే, న్యుమోనియా వచ్చినప్పుడు.

మొదటి వారం అతనికి మంచం మీద నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి చూస్తే కిటికీ పక్క కుర్చీలో గోడకి తల ఆనించి, ఒళ్ళో టోపీ పెట్టుకుని, కూర్చునే నిద్రపోతూ కనిపించేవాడు. భుజం తడితే ఉలిక్కిపడి, “ఏ ఊరొచ్చింది?” అనేవాడు.

“ఒమహా. నీ ఇల్లు.”

“ఓ,” అని మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

రోజూ పది గంటలకి మా ముందు గదిలో సాధన. బల్లలు గోడకి జరిపి, కుర్చీలు చాలక పెట్టెల మీద కూర్చుని, పదమూడుమంది మొదలెడితే అద్దాలు అదిరేవి. వీధిలోవాళ్ళు తమ తమ వరండాల్లో చేరి వినేవాళ్ళు. ఎల్బర్ట్ ట్రాంబోన్, ఆ పొడుగాటి ఇత్తడి బాకా, భుజాన ఆనించుకుని ముందు నిలబడేవాడు. అరిచేవాడు కాదు, చెయ్యి ఎక్కువ ఊపేవాడూ కాదు. ఒకడు తప్పు స్వరం పట్టుకుంటే వాడివంక కాకుండా వాడి పక్కవాడివంక చూసేవాడు. అది చాలు, ఇద్దరూ సర్దుకునేవాళ్ళు.

డ్రమ్ములు గిడియన్ టోలివర్‌వి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పదిహేనేళ్ళ ఎల్బర్ట్ ఇంట్లోంచి పారిపోయి గుడారపు నాటకాలవాళ్ళ దగ్గర చేరిన రోజున, అక్కడ అతని పక్కన డ్రమ్ము కొడుతున్నది ఈ టోలివరే. మా వెనక గదిలోనే ఉండేవాడు. నన్ను ‘తల్లీ’ అనేవాడు. ఆగస్టులో సంగీతగాళ్ళ సంఘం రికార్డులు చెయ్యడం ఆపండని సమ్మెకి పిలుపిచ్చినప్పుడు పేపరు చూసి పడీ పడీ నవ్వాడు. “మనం రికార్డు చేసి ఆరేళ్ళయింది. అంటే ఆరేళ్ళనుంచీ మనం సమ్మెలో ఉన్నామన్నమాట! మరి ఎవరూ మనకి చెప్పలేదేం?”

అప్పటికే సగంమంది లేరు. జూన్‌లోనే ముగ్గుర్ని సైన్యం పిలిచింది. వాళ్ళని నేనేమీ అనలేదు, రొట్టెలు కట్టి పంపాను. జూలైలో మిగతావాళ్ళు మొదలెట్టారు. వారానికొకడు. ఒకడికి కాన్సాస్ సిటీ నుంచి పిలుపొచ్చేది, ఇంకొకడికి సెయింట్ లూయిస్ నుంచి. పిలిచేవన్నీ పెద్ద బ్యాండులు. రైళ్ళలో తిరిగేవి, ఊళ్ళలో నెలల తరబడి కుదురుగా వాయించేవి. టోపీ చేతిలో పట్టుకుని వచ్చేవాళ్ళు, నేల చూసుకుంటూ చెప్పేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. ఎల్బర్ట్ ప్రతివాడితోనూ ఒకే మాట: “మంచిది. పెదవి జాగ్రత్త.” శాక్సఫోన్‌వాడికైతే, “వేళ్ళు జాగ్రత్త.”

వాడు వెళ్ళగానే ఎల్బర్ట్ బస్సెక్కి, మూడో సీట్లో కూర్చుని, మోకాళ్ళ మీద చెక్క పెట్టుకుని రాసుకునేవాడు. ఒకడు పోతే వాడి స్వరాలు మిగిలినవాళ్ళకి పంచి పాటలన్నీ తిరగరాయాలి కదా. పగలంతా అలా రాస్తూనే ఉండేవాడు. పోయిన ప్రతివాడి మీదా నాకు కోపం పెరుగుతూ వచ్చింది. ఆ కోపమంతా డెల్మార్ మీద పడింది.

డెల్మార్ ఫిచ్ మా శాక్సఫోన్‌వాళ్ళలో మొదటివాడు. పదిహేడేళ్ళప్పుడు సూ సిటీ నుంచి అట్టపెట్టెతో వచ్చాడు. తొమ్మిదేళ్ళు బస్సులో లేనప్పుడల్లా మా మేడమీది గదిలోనే ఉన్నాడు. జ్వరం వస్తే నేనే చూశాను. ఒక పిల్లని పెళ్ళికి అడగబోతే చొక్కా నేనే ఇస్త్రీ చేశాను, ఆ పిల్ల కాదన్నప్పుడు ఓదార్చిందీ నేనే. జూలై మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. పెట్టె పట్టుకుని కిందికి దిగాడు.

“మిస్ ఐడెల్లా, చికాగోలో కార్విన్ బేట్స్ బ్యాండులోకి రమ్మన్నారు.”

“ఎప్పుడు?”

“సాయంత్రం రైలుకి.”

“మాస్టారికి చెప్పావా?”

“పొద్దున చెప్పాను. వెళ్ళమన్నారు.”

“వెళ్ళమనక కాళ్ళు పట్టుకుంటాడనుకున్నావా?” నేను లేచి నిలబడ్డాను. ఒళ్ళోని కాయలన్నీ కింద పడ్డాయి. “తొమ్మిదేళ్ళు నా చేతి కూడు తిన్నావు. మునిగే పడవ అని తెలియగానే దూకేస్తావా? మిగతావాళ్ళు పరాయివాళ్ళు, పోయారు. నువ్వు తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని నేననుకోలేదు. కుక్కకైనా విశ్వాసం ఉంటుంది డెల్మార్. నీకు అదీ లేదు.”

ఎదురింటి వరండాలోవాళ్ళు మాటలాపి చూస్తున్నారు. బస్సు కిటికీలోంచి ఎల్బర్ట్ తల కనిపిస్తోంది. పదడుగుల దూరం. పెన్సిలు ఆగింది, తల మాత్రం పైకి లేవలేదు.

డెల్మార్ పెట్టె కింద పెట్టాడు. “భోంచేసి వెళ్దామనుకున్నాను,” అన్నాడు.

“చికాగోలో పెడతార్లే.”

వంగి, నా కాళ్ళ దగ్గర పడ్డ కాయలన్నీ ఏరి గిన్నెలో వేశాడు. పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆ కాయలు నేనే వండాను. ఎల్బర్ట్ రెండు ముద్దలు తిని లేచాడు.

ఆగస్టు చివర్లో అయోవాలో ఒక జిల్లా సంతకి వాయించాలి. జనవరిలోనే ఒప్పుకున్నది. అప్పటికి ఒక ట్రంపెట్, రెండు శాక్సఫోన్‌లు, ట్రాంబోన్‌తో ఎల్బర్ట్, డ్రమ్ములతో టోలివర్ మిగిలారు. పియానో మనిషి సైన్యంలో ఉన్నాడు.

“నువ్వు రావాలి,” అన్నాడు ఎల్బర్ట్ నాతో.

“నేను గుడిలో ప్రార్థనగీతాలు వాయించేదాన్ని. డాన్సు పాటలు నాకేం వచ్చు?”

“పదిహేనేళ్ళుగా గోడ అవతల నుంచి వింటున్నావుగా. వచ్చు.”

రైల్లో వెళ్ళాం. పశువుల కొట్టాల పక్కన చెక్కలతో వేదిక కట్టారు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. సంత కార్యదర్శి, ఎండకి ఎర్రబడ్డ బట్టతల మనిషి, మమ్మల్ని వేలితో లెక్కపెట్టాడు.

“పోస్టరు మీద పదమూడుమంది అని వేశాం. ఆరుగురిని పట్టుకొచ్చావేంటయ్యా? అందులో ఒకావిడ.”

“మిగతా ఏడుగురూ కూడా వచ్చారు సార్,” అన్నాడు ఎల్బర్ట్ టోపీ తీసి. “వాయించడం మొదలెట్టాక మళ్ళీ లెక్కపెట్టుకోండి.”

ఆ వేసవంతా బస్సులో కూర్చుని అతను రాసిందేమిటో నాకప్పుడు తెలిసింది. నా ఎడమ చేతికి వెళ్ళిపోయిన బేస్ మనిషి మంద్రస్వరాల పని, కుడి చేతికి ఇద్దరి పని. ట్రంపెట్ ఒకడే, కానీ రెండో ట్రంపెట్ ఎక్కడ అందుకోవాలో అక్కడ ఎల్బర్ట్ ట్రాంబోన్ పైకి పాకి అందుకునేది. కళ్ళు మూసుకుంటే పదిమంది ఉన్నట్టే ఉంది. రైతులు, వాళ్ళ భార్యలు, సెలవు మీదొచ్చిన సైనికులు దుమ్ము లేచేలా ఆడారు. కార్యదర్శి మళ్ళీ లెక్కపెట్టలేదు.

మూడో పాటలో టోలివర్ జారాడు. తాళం కొద్దిగా ముందుకి పోయింది, తర్వాత ఇంకాస్త పోయింది. నా చేతులు తడబడ్డాయి. ఎల్బర్ట్ వాయిస్తూనే నాలుగడుగులు వెనక్కి వేసి డ్రమ్ముల పక్కకి చేరాడు. కుడి కాలి మడమతో వేదిక చెక్క మీద కొట్టడం మొదలెట్టాడు. గట్టిగా, ఒక్కొక్క దెబ్బా. టోలివర్ తల ఎత్తలేదు. రెండు వరసలు గడిచేసరికి తాళం దారికొచ్చింది. ఇక ఎల్బర్ట్ ఆ చోటు వదిలి ముందుకి రాలేదు. రెండు గంటలసేపు అక్కడే నిలబడి, జనానికి పక్కగా తిరిగి వాయించాడు, మడమ ఆపకుండా.

తిరుగు రైల్లో టోలివర్ ఎదురు బల్ల మీద నిద్రపోయాడు. ఎల్బర్ట్ బూటు విప్పి పాదం ఒళ్ళో పెట్టుకుని నొక్కుకుంటున్నాడు. మడమ కమిలి ఉంది.

“అతనికి వినిపించడం లేదు,” అన్నాను.

“చెక్కలోంచి తెలుస్తుంది అతనికి.”

“ఎన్నాళ్ళనుంచి?”

“మూడేళ్ళు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది పోతోంది.”

“నువ్వు తన కోసమే కొడుతున్నావని అతనికి తెలుసా?”

“నేనడగలేదు,” అన్నాడు ఎల్బర్ట్. “అతనూ చెప్పలేదు.”

పది రోజులు తిరక్కుండా ఆ ముగ్గురూ పోయారు. శాక్సఫోన్‌లు ఇద్దరూ కాన్సాస్ సిటీకి, ట్రంపెట్ డెన్వర్‌కి. నేనిక వరండాలోకి కూడా రాలేదు. వంటింట్లోంచే తలుపు చప్పుడు విన్నాను. పది గంటల సాధనకి ఎల్బర్టూ టోలివరూ ఇద్దరే కూర్చునేవాళ్ళు. వీధిలోవాళ్ళు వరండాల్లో చేరడం మానేశారు.

సెప్టెంబరు మొదట్లో చికాగో నుంచి ఉత్తరం వచ్చింది. ఎల్బర్ట్ ఊళ్ళు తిరిగేటప్పుడు అతని పేర వచ్చిన ప్రతి ఉత్తరం నేనే చింపి, అవసరమైనవి దారిలోని ఊరికి పంపేదాన్ని. అలవాటు కొద్దీ ఇదీ చింపాను.

‘స్టోవల్, నీ డెల్మార్ బాగా కుదురుకున్నాడు. అతన్ని నువ్వే పంపావన్న సంగతి నువ్వు కోరినట్టే నా నోట రాలేదు. నీ ట్రంపెట్ మనిషికి డెన్వర్‌లో చోటు దొరికిందని తెలిసింది. ఇక నీ దగ్గర ఎవరు మిగిలారయ్యా? నీ డ్రమ్ముల మనిషి సంగతి మూడోసారి చెబుతున్నాను, కుదరదు. కిందటేడు అతని వాయింపు విన్నాను. ఎందుకు కుదరదో నీకూ తెలుసు. నీ చోటు మాత్రం అలాగే ఉంచాను. రెండో ట్రాంబోన్. ఇరవయ్యో తారీఖున మేము పడమటి తీరానికి పోతూ మీ ఊళ్ళో రైలు మారతాం. వస్తే ఒక్కడివే రా. శనివారం లోపల టెలిగ్రాం ఇవ్వు. కార్విన్ బేట్స్.’

నిలబడే రెండుసార్లు చదివాను. తర్వాత బస్సు దగ్గరికి వెళ్ళాను. ఆ వేసవిలో నేను ఆ బస్సెక్కడం అదే మొదటిసారి. లోపల పొయ్యిలా ఉంది. ఎల్బర్ట్ మూడో సీట్లో ఉన్నాడు. అతని పక్కన స్వరాల కాగితాలున్నాయి. వాటి కింద కవర్లు, తపాలా బిళ్ళలు ఉన్నాయి.

ఉత్తరం చేతికిచ్చాను. చదివి మడిచాడు.

“చింపావన్నమాట.”

“పదిహేనేళ్ళుగా చింపుతున్నది నేనే కదా. ఇలాంటివి ఎన్ని రాశావు?”

“లెక్కపెట్టలేదు. డెల్మార్‌కి రెండే పట్టాయి. మంచి చెయ్యి కదా. బేస్ మనిషికి ఏడెనిమిది.”

“అయితే వాళ్ళు నిన్ను వదిలిపోలేదు. నువ్వే పంపించేశావు.”

“బస్సు లేకుండా పదమూడుమందికి నేనేం పెట్టను? పొమ్మని నా నోటితో అంటే పనికిరాక తోసేశాడనుకుంటారు. ఆ అనుమానంతో కొత్తచోట వాయించలేరు, నేను చూశాను అలాంటివాళ్ళని. తామే వెళ్తున్నామనుకుంటే నా మీద కాస్త జాలిపడి, కాస్త సిగ్గుపడి, పని చూసుకుంటారు.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“నీకు చెబితే ఊరందరికీ తెలిసేది. నువ్వు చెప్పి కాదు. నీ మొహం ట్రంపెట్ లాంటిది ఐడెల్లా. మూసి ఉంచలేవు.”

వేరే రోజైతే నవ్వేదాన్ని. “నేను డెల్మార్‌ని కుక్కకన్నా హీనమన్నాను.”

“విన్నాను.”

“ఆపొచ్చు కదా.”

అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. “ఆపుదామని లేవబోయాను. లేస్తే మొత్తం చెప్పాలి. కూర్చుండిపోయాను. అది నా తప్పే, నీది కాదు.”

బయట ఎండలో టోలివర్ మా టమోటా మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. అతనికి వినబడదని తెలిసినా గొంతు తగ్గించాను.

“నువ్వు వెళ్ళు ఎల్బర్ట్. పడమటి తీరం. రైల్లో పడక ఇస్తారు. నీ వాయిద్యం నీ చేతిలో ఉంటుంది. టోలివర్‌ని నేను చూసుకుంటాను. నా చేతి తిండే కదా తినేది.”

“తిండి పెడతావు, తెలుసు. పొద్దున పదింటికి లేచి ఎవరితో వాయిస్తాడు?”

“అతనికోసం నీ బతుకు ఆపుకుంటావా?”

“అలా అంటే నేనేదో గొప్పవాణ్ణవుతాను.” సీటు మీదికి తల వాల్చాడు. కళ్ళ కింద చర్మం నల్లగా వేలాడుతోంది. నలభయ్యారేళ్ళ మనిషిలా లేడు. “ఇరవయ్యో తారీఖున పెట్టె పట్టుకుని రైలెక్కడం తల్చుకుంటే నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఇంకొకడు చెయ్యెత్తితే వాయించడం, దించితే ఆపడం, అదేమంత కష్టం కాదు, హాయే. కానీ మళ్ళీ ఆ ఊళ్ళు, మళ్ళీ వెనక తలుపు దగ్గర నిలబడి తినడం... నేను అలిసిపోయాను ఐడెల్లా. టోలివర్ కోసమో, నాకోసమో, విడదీసి చెప్పమంటే నాకు తెలీదు.”

శనివారం అతనే వెళ్ళి టెలిగ్రాం ఇచ్చి వచ్చాడు. ఏం రాశావని నేనడగలేదు.

ఇరవయ్యో తారీఖున కోళ్ళు రెండు వేయించి, మొక్కజొన్న రొట్టె చేసి, పెట్టెలో సర్ది స్టేషనుకి వెళ్ళాను. రానా అని టోలివర్ అడిగితే గుడి పని అని చెప్పాను. ఎల్బర్ట్ పెట్టెకి తాడు గట్టిగా కట్టి ఇచ్చాడు.

బేట్స్ బ్యాండు ఒకే రంగు కోట్లలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. డెల్మార్ నన్ను ముందుగా చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, తర్వాత టోపీ తీసి దగ్గరికొచ్చాడు.

“మిస్ ఐడెల్లా.”

“నీకు తిండి తెచ్చాను. ఆ రోజు తినకుండా పోయావు.”

పెట్టె అందుకున్నాడు కానీ తెరవలేదు.

“ఆ రోజు నేనన్న మాటలు అనకూడనివి,” అన్నాను. “నా నోరు మంచిది కాదు.”

“అనాల్సిన మాటలే. నేను వదిలేసే పోయాను కదా.” పెట్టె కింద పెట్టాడు. “మీరు తిట్టారు, నయం. మాస్టారు ఒక్కమాట అనలేదు. ఉండమంటే ఉండిపోయేవాణ్ణి మిస్ ఐడెల్లా. ఒక్కసారి ఉండమని ఉంటే... ఎందుకనలేదో అని రోజూ అనుకుంటాను.”

నాలిక చివరిదాకా వచ్చింది. నిన్ను పంపింది ఆయనేరా, నీకోసం రెండుత్తరాలు రాశాడు, అని. చెబితే నా బరువు దిగుతుంది. కానీ ఆయన తనను వద్దనుకున్నాడన్న మాట వాడి చేతికిచ్చి రైలెక్కించినదాన్నవుతాను. నా మొహం నన్ను పట్టిచ్చేస్తుందని భయపడి, వంగి పెట్టె తాడు విప్పసాగాను.

“మాస్టారు నీ గురించి మంచిమాటే చెబుతాడు,” అన్నాను తాడువంక చూస్తూ. “నువ్వు వెళ్ళి మంచిపని చేశావంటాడు.”

“నిజంగా?”

“నేనెప్పుడైనా ఎవరికైనా తీపి కబుర్లు చెప్పానా?”

అప్పుడు నవ్వాడు. “మీరా? మీరు మొహం మీదే అంటారు.” నా మాట నమ్మాడు. అక్కడే నిలబడి కోడి కాలు తీసుకుని తినడం మొదలెట్టాడు, కొత్త కోటుకి నూనె అంటకుండా ముందుకి వంగి.

బేట్స్ పెద్ద మనిషి, ఉంగరాల వేళ్ళు. దగ్గరికొచ్చి టోపీ ఎత్తాడు. నావంకా, తింటున్న డెల్మార్‌వంకా చూశాడు. “స్టోవల్‌కి నా నమస్కారాలు చెప్పండమ్మా,” అన్నాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ వారమే బస్సు పోయింది. ఫ్రీమాంట్ దగ్గర ఒక రైతు కోళ్ళగూడుకి కావాలని రెండు గుర్రాలు తెచ్చి లాక్కెళ్ళాడు. టైర్లు అంతకు ముందే ప్రభుత్వానికి ఇచ్చేశాం, ఉత్త చక్రాల మీదే కదిలింది. ఎల్బర్ట్ వీధి మలుపుదాకా బస్సు పక్కన నడిచి, చెట్ల కొమ్మలు తగలకుండా దారి చూపించి, వెనక్కొచ్చి ఆ స్థలంలో నూనె మరకల మీద మట్టి పోశాడు.

తర్వాత సోమవారం దక్షిణ ఒమహాలో పశువుల్ని కోసే కంపెనీకి పనికి వెళ్ళాడు. సైన్యానికి మాంసం పంపడానికి వాళ్ళకి మనుషులు చాలడం లేదు. మేస్త్రీ ఎల్బర్ట్ భుజాలు చూసి సరే అన్నాడు, టోలివర్ తెల్లజుట్టు చూసి వద్దన్నాడు. “ఇద్దరం కలిసే పనిచేస్తాం, లేకపోతే లేదు,” అన్నాడట ఎల్బర్ట్. అక్కడి యంత్రాల హోరులో చెవులున్నవాళ్ళకీ ఏమీ వినపడదు. చల్లగదిలో ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మాంసపు ముక్కలు బండికెత్తేవాళ్ళు. పొద్దున చీకటితో వెళ్ళి మూడింటికి వచ్చేవాళ్ళు. వాసన పోవడానికి నేను వాళ్ళ బట్టలు రెండుసార్లు ఉడికించేదాన్ని. ట్రాంబోన్ మంచం కింద ఉంది. అది తీయమని నేను అడగలేదు. తీస్తే వినాలని మాత్రం పని లేనప్పుడల్లా చెవి ఆ గదివైపే ఉండేది.

అక్టోబరు చివరి ఆదివారం. గుడి నుంచి వచ్చి భోజనం చేశాం. ఎల్బర్ట్ ముందు గదిలో పేపరు పట్టుకుని వాలాడు. టోలివర్ వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాడు. చేతివేళ్ళు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. నేను ఆపిల్ పళ్ళ తీపి రొట్టె కోస్తుంటే నా మోచెయ్యి తట్టాడు.

“తల్లీ, ఒక మాట. ఎల్బర్ట్‌తో అనకు.” గుసగుసే అనుకున్నాడు పాపం. ఆ గుసగుస వీధిలోకి వినిపించేలా ఉంది.

“చెప్పు.”

“డెన్వర్ వాళ్ళు నన్నడిగారు. కాన్సాస్ సిటీ వాళ్ళూ అడిగారు. మంచి డ్రమ్ములవాళ్ళు ఎక్కడున్నారు ఈ రోజుల్లో. నేనే వద్దన్నాను.”

కత్తి పళ్ళెం మీద ఆపి అతని మొహంలోకి చూశాను. అతని కళ్ళు నన్ను తప్పించుకుని బల్ల మీదికి పోయాయి. పగిలిన వేళ్ళతో రొట్టె తునకల్ని ఒక దగ్గరికి తోస్తున్నాడు.

“అందరూ పోయారు,” అన్నాడు. “నేనూ పోతే వాడికెవరున్నారు, నువ్వే చెప్పు? వాడికి పదిహేనేళ్ళప్పటి నుంచి చూస్తున్నాను. ఒక్కడూ ఉండలేడు. అందుకే ఉండిపోయాను. ఇది తెలిస్తే బాధపడతాడు. చెప్పకు.”

“చెప్పను,” అన్నాను.

“ఆఁ?”

అతని కుడి చెవి దగ్గరికి వంగాను. “చెప్పను. మంచిపని చేశావు.”

ముందు గదిలో పేపరు చప్పుడైంది. “ఏంటి చెప్పనిది?” అన్నాడు ఎల్బర్ట్.

“నీక్కాదు,” అన్నాను. “నువ్వు పడుకో.”

తీపి రొట్టె ముక్కల్లో పెద్దది చూసి టోలివర్ పళ్ళెంలో వేశాను.